మార్చి 4 ఏప్రిల్ 3గా ఎందుకు మారుతోంది: వర్క్‌ఫ్లోలో తారీఖులు, వేళల మార్పిడి

నమస్కారం. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందు చెబుతాను, ఎక్కడైనా పొరపాటు ఉంటే సరిదిద్దండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మీ మామయ్య గారి అడ్తి దుకాణానికి మీరు ఎన్‌ఎయిట్‌ఎన్ అనే, పనులను వరుసగా దానంతట అదే నడిపే సాఫ్ట్‌వేర్‌తో ఒక వర్క్‌ఫ్లో, అంటే అలాంటి పనుల గొలుసు, కట్టారు. వే బ్రిడ్జి సాఫ్ట్‌వేర్ ఇచ్చే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల) ఫైలును రోజూ గూగుల్ షీట్‌లోకి ఎక్కిస్తారు. అందులోంచి మిర్చి బస్తాలు, తూకం, కాంటా అయిన తారీఖు తీసుకుని, తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే తూకం, అమ్మకం చీటీ) వివరాలు రైతు ఫోన్‌కు వాట్సాప్‌లో పంపుతారు. గేటు దగ్గర గుమాస్తా ఫోన్‌లో నింపే ఫారం వెబ్‌హుక్ (నింపిన వెంటనే వివరాలను నేరుగా వర్క్‌ఫ్లోకు చేర్చే ఇంటర్నెట్ చిరునామా) ద్వారా వేరుగా వస్తుంది. రోజు లెక్క మొత్తం సాయంత్రం 6 గంటలకు మామయ్య గారికి వెళ్లాలి. ఇప్పుడు మూడు చిక్కులు వచ్చాయి. మార్చి 4న అయిన కాంటా రైతుకు ఏప్రిల్ 3 అని వెళ్తోంది, 13వ తారీఖు నుంచి తారీఖు ఉండాల్సిన చోట "ఇన్‌వాలిడ్ డేట్‌టైమ్" అని వెళ్తోంది. తెల్లవారుజామున వచ్చిన బండ్లు ముందురోజు ఖాతాలో పడుతున్నాయి. ఇన్నాళ్లూ సరిగ్గా 6 గంటలకు వచ్చిన సందేశం మార్చి 9 నుంచి 5 గంటలకే వస్తోంది. ఈ మూడింటికీ కలిపి తారీఖు ఫార్మాట్ మార్చే ఒక్క ఫార్ములా చెప్పమని అడిగారు.

అటువంటి ఫార్ములా లేదు, ఎందుకంటే ఇవి మూడు వేర్వేరు తప్పులు. పైగా మూడింట్లో ఏదీ ఫార్మాట్ తప్పు కాదు. తారీఖు మార్పిడి అనగానే అందరి చూపూ చివర కనబడే రూపం మీదికి పోతుంది. నిజానికి అందులో రెండు పనులున్నాయి. వచ్చిన అక్షరాలను చదివి అది ఏ రోజో, ఏ క్షణమో తేల్చుకోవడం మొదటిది. ఆ క్షణాన్ని మనకు కావలసిన అచ్చులో రాయడం రెండోది. మీ నోడ్‌లలో, అంటే వర్క్‌ఫ్లోలోని మెట్లలో, రెండో పని చక్కగానే ఉంది. మొదటి పనిని మాత్రం ప్రతిచోటా యంత్రం ఊహకు వదిలేశారు. నేను హన్మకొండలో ఉంటూ చాలా ఏళ్లుగా దుకాణాలకు, జిన్నింగ్ మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ చూసిపెడుతున్నాను. తారీఖు తప్పిందని నా దగ్గరికి వచ్చిన పనుల్లో చాలా భాగం ఈ చదవడం దగ్గర చెడినవే.

ఒక చిన్న మనవి. కింద ఫార్మాట్ అక్షరాలను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. పెట్టెలో టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వేయాలి. పెద్ద బడి (క్యాపిటల్), చిన్న బడి (స్మాల్) అక్షరాల తేడా ఇక్కడ ప్రాణం లాంటిది కాబట్టి ప్రతిచోటా అదీ చెబుతాను.

మొదటి చిక్కు చూద్దాం. 12వ తారీఖు దాకా తిరగబడి, 13 నుంచి పూర్తిగా ఆగిపోయిందంటే, ఎక్కడో ఒకచోట మన రోజు/నెల క్రమాన్ని అమెరికా వాళ్ల నెల/రోజు క్రమంగా చదువుతున్నారని అర్థం. సంవత్సరంలో 12 నెలలే ఉంటాయి కాబట్టి 04/03 రెండు విధాలా చెల్లుతుంది, 13/03 ఒక్క విధంగానే చెల్లుతుంది. తెలంగాణ వచ్చిన రోజును 02/06/2014 అని రాసి అమెరికా అలవాటున్న సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, ఏ అనుమానమూ లేకుండా ఫిబ్రవరి 6 అనుకుంటుంది. తప్పు అని ఎక్కడా చెప్పదు. ఆ లెక్కన 13వ తారీఖు మీకు మేలే చేసింది. అది రాకముందు 12 రోజుల్లో, ఎటు చదివినా ఒకటే అయిన 03/03 తప్ప, మీ దుకాణం నుంచి తప్పుడు తారీఖులు నిశ్శబ్దంగా వెళ్లాయి. ఇలాంటి వర్క్‌ఫ్లోను నెల మొదటి వారంలో పరీక్షించి బాగుందనుకోవడం చాలామంది చేసే పనే, నేనూ చేశాను.

అయితే ఈ తిరగబడటం ఎక్కడ జరుగుతోంది? మీరు డేట్ అండ్ టైమ్ నోడ్‌ను అనుమానించారు. మీరు అంటించిన రెండు వరుసలు చూస్తే నాకు వేరే తెలుస్తోంది. షీట్ నోడ్‌లో తారీఖును సీరియల్ నంబరుగా తెచ్చే ఎంపిక పెట్టారు కదా; మార్చి 4 నాటి వరుస 45750.17361 అని వచ్చింది, మార్చి 13 నాటి వరుస మాత్రం 13/03/2025 4:10 ఏఎం అని అక్షరాలుగానే వచ్చింది. గూగుల్ షీట్స్ తారీఖును 1899 డిసెంబర్ 30 నుంచి గడిచిన రోజుల లెక్కగా దాచుకుంటుంది, వేళను దశాంశ భాగంగా దాచుకుంటుంది. ఆ లెక్కలో 2025 మార్చి 4 అంటే 45720. మీకు వచ్చిన 45750 అంటే ఏప్రిల్ 3. అంటే ఎన్‌ఎయిట్‌ఎన్ ముట్టుకోకముందే, సీఎస్‌వీని షీట్‌లోకి ఎక్కించిన క్షణంలోనే నష్టం జరిగిపోయింది. ఆ షీట్ లొకేల్ (ఏ దేశపు పద్ధతి అనే సెట్టింగ్) అమెరికాగా ఉండి ఉంటుంది; ఫైల్ మెనూలో సెట్టింగ్స్ తెరిస్తే కనబడుతుంది. 04/03ను అది తారీఖుగా గుర్తించి నంబరు చేసింది, 13/03ను గుర్తించలేక అక్షరాలుగా వదిలేసింది.

దీన్ని కంటితో పట్టుకునే ఉపాయం ఒకటుంది. షీట్‌లో ఆ కాలమ్‌కు ఏ అలైన్‌మెంటూ పెట్టకుండా వదిలేసి చూడండి. 12 దాకా ఉన్న తారీఖులు గడిలో కుడి అంచుకు అంటుకుని ఉంటాయి, 13 నుంచి ఉన్నవి ఎడమ అంచుకు అంటుకుని ఉంటాయి. కుడివైపుకు పోయినవి సాఫ్ట్‌వేర్ తారీఖుగా ఒప్పుకున్నవి, ఎడమన ఆగినవి దాని దృష్టిలో ఉత్త మాటలు. ఎక్సెల్ కూడా ఇదే చేస్తుంది. కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ అమెరికాగా ఉన్నచోట సీఎస్‌వీని ఊరికే తెరిచి సేవ్ కొట్టినా తారీఖులు మారిపోతాయి. అందుకే సీఎస్‌వీని చూడాలనిపిస్తే నోట్‌ప్యాడ్‌లో చూడమని మా పిల్లలకు చెబుతుంటాను.

సరిచేయడానికి నాకు నచ్చిన దారి షీట్‌ను నడుమ నుంచి తప్పించడమే. సీఎస్‌వీని ఎన్‌ఎయిట్‌ఎన్‌కే నేరుగా ఇచ్చి, ఎక్స్‌ట్రాక్ట్ ఫ్రమ్ ఫైల్ నోడ్‌తో చదివిస్తే తారీఖు అక్షరాలుగానే చేతికి వస్తుంది, ఎవరి ఊహా అందులో కలవదు. షీట్ ఉండి తీరాలంటే, ఇంపోర్ట్ చేసేటప్పుడు అక్షరాలను నంబర్లుగా, తారీఖులుగా మార్చమనే గడిలో టిక్ తీసేయండి. లొకేల్‌ను ఇండియాకు మార్చడమూ మంచిదే, కానీ అది ఇకమీదట వచ్చే వరుసలకే పనికొస్తుంది. ఇప్పటికే ఏప్రిల్ 3గా నాటుకుపోయిన 45750ను లొకేల్ మార్పు వెనక్కి తేలేదు, దాన్ని 03/04 అని మన పద్ధతిలో చూపించి ఇంకా మోసం చేస్తుంది.

అక్షరాలు చేతికొచ్చాక, చదివే క్రమం మీరే చెప్పాలి. ఎన్‌ఎయిట్‌ఎన్ లోపల తారీఖుల పని చూసేది లక్సాన్ అనే లైబ్రరీ. అందులో ఫ్రమ్‌ఫార్మాట్ అనే ఫంక్షన్ ఉంటుంది. దానికి మొదట మీ కాలమ్‌ను, తర్వాత ఫార్మాట్‌ను, ఆ తర్వాత జోన్‌గా ఏషియా/కోల్‌కతాను ఇవ్వండి. మీ వే బ్రిడ్జి రాసే రూపానికి ఫార్మాట్ ఇలా ఉండాలి: చిన్న డీ ఒకటి, ఏటవాలు గీత (స్లాష్), పెద్ద ఎం ఒకటి, ఏటవాలు గీత, చిన్న వై నాలుగు, ఒక ఖాళీ, చిన్న హెచ్ ఒకటి, నిలువు రెండు చుక్కలు (కోలన్), చిన్న ఎం రెండు, ఒక ఖాళీ, చిన్న ఏ ఒకటి. డీ, ఎం, హెచ్ ఒక్కొక్కటే వేయమనడానికి కారణం ఉంది. చదివేటప్పుడు లక్సాన్ రెండు హెచ్‌లు చూస్తే కచ్చితంగా రెండు అంకెలు కావాలంటుంది. మీ ఫైలులో 4:10 అని సున్నా లేకుండా ఉంది కాబట్టి చదవనని మొరాయిస్తుంది. ఒక హెచ్ వేస్తే ఒక అంకె వచ్చినా రెండు వచ్చినా ఒప్పుకుంటుంది. వే బ్రిడ్జి ఫైళ్లలో తారీఖు వెనుక కనబడని ఖాళీలు ఉండటం కూడా నేను చూశాను, అందుకని చదివే ముందు ట్రిమ్ చేయడం అలవాటు చేసుకోండి. ఫార్ములా రాయడం ఇష్టం లేకపోతే డేట్ అండ్ టైమ్ నోడ్‌లోనే ఫార్మాట్ ఎ డేట్ కింద ఆప్షన్లలో ఫ్రమ్ డేట్ ఫార్మాట్ అని ఒక గడి ఉంటుంది. చాలామంది దాన్ని తెరవనే తెరవరు, అవసరమైనది మాత్రం అదే.

పెద్ద, చిన్న అక్షరాల సంగతి ఇక్కడే చెప్పాలి. ఇక్కడ చెప్పే నాలుగు సాఫ్ట్‌వేర్లలోనూ పెద్ద ఎం అంటే నెల, చిన్న ఎం అంటే నిమిషం. రోజుకు, సంవత్సరానికి మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో తీరు. లక్సాన్‌లోనూ, మైక్రోసాఫ్ట్ పవర్ ఆటోమేట్‌లోనూ చిన్న డీ, చిన్న వై వేయాలి. ఇలాంటి పనే చేసే మేక్‌లోనూ, జాపియర్‌లోనూ పెద్ద డీ, పెద్ద వై వేయాలి. మేక్ కోసం రాసిన ఫార్మాట్‌ను ఎక్కడో చూసి ఎన్‌ఎయిట్‌ఎన్‌లో అంటిస్తే ఏమవుతుందో చూడండి: పెద్ద డీ రెండు, గీత, పెద్ద ఎం రెండు, గీత, పెద్ద వై నాలుగు అని వేస్తే, 04/03/2025 రావాల్సిన చోట "మార్ 4, 2025/03/వైవైవైవై" అనే వింత వస్తుంది. లక్సాన్‌లో పెద్ద డీ రెండు అంటే పొట్టి నెలపేరుతో కూడిన పూర్తి తారీఖు అని అర్థం, పెద్ద వై అంటే దానికి అర్థమే లేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాసేస్తుంది. ఇలా వింతగా కనబడితే అదృష్టమే, వెంటనే దొరుకుతుంది. నెల స్థానంలో చిన్న ఎం పడితే మాత్రం 04/10/2025 లాంటి సొగసైన అబద్ధం వస్తుంది, ఎందుకంటే అక్కడ కూర్చున్నది 4:10లోని పది నిమిషాలు.

మీ షీట్‌లో ఇప్పటికే చెడిపోయిన వరుసల గురించి కూడా అడిగారు. పాత సీఎస్‌వీలు వే బ్రిడ్జి కంప్యూటర్‌లో ఉంటే మళ్లీ మొదటి నుంచి ఎక్కించడమే మేలు. లేకపోతే ఒక దారి ఉంది: నంబరుగా వచ్చిన వరుసలన్నింటిలో రోజునూ నెలనూ తారుమారు చేయాలి, అక్షరాలుగా వచ్చిన వాటిని రోజు/నెల క్రమంలో చదవాలి. నంబరును తారీఖు చేయడానికి అందులోంచి 25569 తీసేసి 86400000తో గుణిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. 25569 అన్నది షీట్ లెక్కలో 1970 జనవరి 1. అలా వచ్చినదాన్ని ముందు యూటీసీగా (ప్రపంచమంతటికీ ఆధారమైన వేళగా) చదివి, తర్వాత గడియారం అంకెలు మారకుండా జోన్‌ను మాత్రం కోల్‌కతాకు మార్చాలి. లక్సాన్‌లో సెట్‌జోన్‌కు కీప్‌లోకల్‌టైమ్ అనే ఎంపిక అందుకే ఉంది. అది మరచిపోతే ప్రతి కాంటాకూ అయిదున్నర గంటలు కలుస్తాయి. ఒక హెచ్చరిక: గుమాస్తాలు ఎవరైనా తప్పు చూసి కొన్ని గడులను చేతితో సరిదిద్ది ఉంటే ఈ తారుమారు పద్ధతి వాటిని మళ్లీ చెడగొడుతుంది. అందుకే పాత ఫైళ్లు ఎక్కడున్నా వెతకమంటున్నాను.

ఇక రెండో చిక్కు, తెల్లవారుజాము బండ్లు. వెబ్‌హుక్ నుంచి వచ్చే వేళ మీరు అంటించినట్టుగా 2025-03-03టీ22:40:00.000జెడ్ అని ఉంది. చివరి జెడ్ అక్షరానికి అర్థం, ఇది యూటీసీ వేళ, సున్నా రేఖ దగ్గరి గడియారం అని. మనది దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు కాబట్టి ఇది మనకు మార్చి 4 తెల్లవారుజామున 4:10. మీరేమో దీనిలోంచి ముందు పది అక్షరాలు కోసి తారీఖుగా వాడుకున్నారు, అది మార్చి 3 అయింది. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5:30 దాకా వచ్చిన ప్రతి బండికీ ఇదే గతి పడుతుంది. 5:31కి వచ్చినది మాత్రం సరిగ్గానే ఉంటుంది. మీ ఖాతాలో తప్పుపడ్డ వరుసలన్నీ ఈ గీతకు ఇవతలే ఉన్నాయేమో ఒకసారి సరిచూసుకోండి.

ఈ తప్పు ఇంతకాలం ఎందుకు బయటపడలేదో నాకు ఊహకు అందుతోంది. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో రాత్రంతా ప్రయాణం చేసి నాలుగింటికి గేటు దాటిన రైతు "నిన్న రాత్రి వచ్చినం" అనే అంటాడు. మన వాడుకలో తెల్లారితేనే రోజు మారుతుంది. పంచాంగంలో వారం మారేదీ సూర్యోదయంతోనే. అందువల్ల ఖాతాలో నిన్నటి తారీఖు ఉంటే ఎవరికీ వింతగా తోచలేదు, తక్‌పట్టీ మీది తారీఖుతో పోల్చిన నాడే తేడా తెలిసింది.

కోయడం మానేసి, ఫ్రమ్‌ఐఎస్‌ఓ అనే ఫంక్షన్‌తో ఆ వేళను పూర్తిగా చదివి, సెట్‌జోన్‌తో ఏషియా/కోల్‌కతాకు మార్చి, ఆ తర్వాతే తారీఖు తీసుకోండి. ఐఎస్‌టీ అనే మూడక్షరాలు ఎక్కడా వాడకండి, ఇజ్రాయెల్ వేళకూ ఐర్లండ్ వేళకూ అదే పొట్టిపేరు ఉంది. సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర వచ్చే ఈ రూపం ఐఎస్ఓ 8601 ప్రమాణంలోనిది, 1988లో మొదట వెలువడింది. వర్క్‌ఫ్లో లోపల నోడ్‌కూ నోడ్‌కూ మధ్య తారీఖు ఈ రూపంలోనే తిరగాలి. మన రోజు/నెల/సంవత్సరం రూపానికి మార్చడం అన్నది సందేశం బయటికి వెళ్లే చివరి నోడ్‌లో, ఒక్కసారే జరగాలి. ఒక నోడ్‌లో చదివిన తారీఖు తర్వాతి నోడ్‌కు చేరేసరికి మళ్లీ అక్షరాలైపోతుందనీ గుర్తుంచుకోండి. మీరు నాకు చూపిన "టూఫార్మాట్ ఫంక్షన్ కాదు" అన్న ఎర్రర్ అందుకే వచ్చింది; టూఫార్మాట్ అంటే తారీఖును మనకు కావలసిన రూపంలో రాసే ఫంక్షన్. అక్కడ మళ్లీ ఫ్రమ్‌ఐఎస్‌ఓతో చదివి, ఆ తర్వాత రాయాలి.

అయిదున్నర గంటలు చేతితో కలిపితే సరిపోదా అని అడగబోతారు, నేనూ ఒకప్పుడు అదే చేశాను కాబట్టి చెబుతున్నాను. ఇక్కడే ఒక దుకాణానికి షీట్‌లో వేళకు 5.30ని 24తో భాగించి కలిపాను. చూడటానికి బాగుంది. కానీ 5.30 అంటే దశాంశంలో 5 గంటల 18 నిమిషాలు, కలపాల్సింది 5.5. ప్రతి బిల్లూ 12 నిమిషాలు వెనక పడింది, నెల గడిచాక గాని ఎవరూ పట్టుకోలేదు. తమాషా ఏమిటంటే, మన దేశపు వేళకు ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది, వరంగల్ దానికి పడమరన దాదాపు మూడు డిగ్రీల దూరంలో ఉంది, కాబట్టి ఇక్కడి సూర్యుడి గడియారం దేశపు గడియారం కంటే సగటున సుమారు 12 నిమిషాలు వెనకే ఉంటుంది. నా తప్పు లెక్క సూర్యుడికి సరిపోయిందని ఆ షావుకారు చాలారోజులు నన్ను ఆటపట్టించారు.

5.5 సరిగ్గా కలిపినా అసలు దోషం పోదు. వేళ మారింది గాని దాని చివర జెడ్ అనే ముద్ర అలాగే ఉంది, అంటే మన వేళను యూటీసీ అని నమ్మబలుకుతోంది. ఆ తర్వాత ఇంకెవరో, లేదా ఆర్నెల్లకు మీరే, బుద్ధిగా జోన్‌ను కోల్‌కతాగా ఎంచుకుంటే ఇంకో అయిదున్నర గంటలు కలుస్తాయి. అప్పుడు సాయంత్రం 6:30 తర్వాతి బిల్లులన్నీ మరుసటి రోజుకు దూకుతాయి. కూడికతో వేళను మార్చకండి, జోన్‌తోనే మార్చండి.

ఇందులోనే ఒక మాట మామయ్య గారిని అడగాల్సింది ఉంది. రాత్రి ఒంటిగంటకు దిగిన సరుకును ఏ రోజు ఖాతాలో రాయాలి? క్యాలెండర్ ప్రకారం అది కొత్త రోజు. అయితే చాలా దుకాణాల్లో పొద్దున జెండా పాట (మార్కెట్ వేలం) ఏ రోజు జరుగుతుందో ఆ రోజు ఖాతాలోనే సరుకు రాసుకుంటారు, కొన్నిచోట్ల దిగిన రాత్రి ఖాతాలోనే రాస్తారు. ఇది ఫార్మాట్ తేల్చే సంగతి కాదు, దుకాణం కట్టుబాటు. అసలు వేళను ఉన్నదున్నట్టు ఒక కాలమ్‌లో ఉంచి, ఖాతా తారీఖు అని వేరే కాలమ్ పెట్టి, మామయ్య గారు చెప్పిన నియమంతో దాన్ని నింపండి. ఒకే కాలమ్‌తో రెండు పనులూ చేయించాలని చూస్తే ఎప్పటికీ తెగదు. ఖాతా తారీఖుకు వేళ అక్కర్లేదు కూడా. దానికి అర్ధరాత్రి 00:00 తగిలించి, జోన్‌లు మార్చే నోడ్‌ల గుండా పంపితే అదీ ముందురోజుకు జారుతుంది. సంవత్సరం-నెల-రోజు అని పది అక్షరాలుగానే దాచండి.

మూడో చిక్కు చెప్పడానికి తేలిక. సొంత సర్వర్‌లో పెట్టుకున్న ఎన్‌ఎయిట్‌ఎన్‌కు మీరు చెప్పకపోతే అది అమెరికా/న్యూయార్క్ వేళను తనదిగా తీసుకుంటుంది. సాయంత్రం 6కు సందేశం రావడానికి షెడ్యూల్‌లో ఉదయం 7:30 అని పెట్టాల్సి వచ్చిందనీ, ఎందుకో తెలియకపోయినా పనిచేస్తోందని వదిలేశాననీ మీరే రాశారు. చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం 7:30 అయితే మనకు సాయంత్రం 6. అక్కడ ఏటా మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు, 2025లో అది మార్చి 9. ఆ రోజు నుంచి వాళ్ల 7:30 మనకు 5 అయింది. అలాగే వదిలేస్తే నవంబర్ 2న దానంతట అదే మళ్లీ 6కు వస్తుంది, మీరు ఏం చేస్తే బాగైందో తెలియక తల పట్టుకుంటారు. మన దేశంలో రెండో ప్రపంచ యుద్ధం లాంటి యుద్ధకాలాల్లో తప్ప గడియారాలు జరిపే అలవాటు లేదు కాబట్టి ఈ కోణం మనకు తట్టదు.

వర్క్‌ఫ్లో సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ అని ఉంటుంది, అక్కడ ఏషియా/కోల్‌కతా ఎంచుకోండి. సర్వర్ మీ చేతిలో ఉంది కాబట్టి జెనరిక్ టైమ్‌జోన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోనూ (సర్వర్ స్థాయి సెట్టింగ్) అదే పెట్టి ఒకసారి రీస్టార్ట్ చేస్తే ఇకమీదట కట్టే వర్క్‌ఫ్లోలకూ అదే వర్తిస్తుంది. ఇప్పుడు, నేడు అనే విలువలు కూడా ఈ జోన్‌నే అనుసరిస్తాయి, కాబట్టి రోజు లెక్కలో "నేటి" వరుసలు ఏరే ఫిల్టర్ కూడా దీనితోనే కుదుటపడుతుంది.

మీ చిన్నాన్న గారి పత్తి మిల్లులో పవర్ ఆటోమేట్ వాడుతున్నారని రాశారు కనుక రెండు ముక్కలు. అక్కడ చదవడానికి పార్స్‌డేట్‌టైమ్ ఉంది, దానికి లొకేల్‌గా ఇంగ్లిష్-ఇండియా ఇవ్వాలి, ఇవ్వకపోతే అమెరికా అలవాటుతోనే చదువుతుంది. వేళ మార్చడానికి కన్వర్ట్‌టైమ్‌జోన్ ఉంది; అక్కడ జోన్ పేరు ఏషియా/కోల్‌కతా అని కాక ఇండియా స్టాండర్డ్ టైమ్ అని పూర్తిగా రాయాలి. ఏఎం, పీఎం కోసం చిన్న టీ రెండు వేయాలి, లక్సాన్‌లోని చిన్న ఏ అక్కడ చెల్లదు. మేక్‌లో పార్స్‌డేట్, ఫార్మాట్‌డేట్ అని రెండు పనులకూ విడివిడి ఫంక్షన్లున్నాయి, రెండింటికీ జోన్ ఇవ్వవచ్చు. జాపియర్‌లోని ఫార్మాటర్‌లో కూడా ఏ రూపం నుంచి అనే గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలకండి.

రైతుకు వెళ్లే సందేశం గురించి నా అభిప్రాయం ఒకటి చెబుతాను. 04/03/2025 అని పంపకండి. నెలను అక్షరాల్లో రాయండి. లక్సాన్‌లో సెట్‌లొకేల్‌కు తెలుగు కోడ్ అయిన టీఈ ఇచ్చి, నెలకు పెద్ద ఎల్ నాలుగు, వారానికి చిన్న సీ నాలుగు వేస్తే "4 మార్చి 2025, మంగళవారం" అని తెలుగులోనే వస్తుంది. తారీఖు ఎప్పుడైనా తిరగబడితే రైతే ఫోన్ చేసి చెబుతాడు, వారం కూడా ఉంది కదా. వేళకు ఏఎం, పీఎం బదులు గంటను బట్టి తెల్లవారుజాము, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని వచ్చేలా ఒక చిన్న షరతు రాసుకోండి. "తెల్లవారుజామున 4.10" అని చదివితే ఎవరికీ అనుమానం రాదు. పన్నెండు గంటల పద్ధతిలో చిన్న హెచ్ వేసి, పూట చెప్పకుండా వదిలేస్తే పొద్దున నాలుగూ సాయంత్రం నాలుగూ ఒకేలా కనబడతాయి, అది మరచిపోకండి.

ఇంకొకటి. లక్సాన్ చదవలేకపోతే వర్క్‌ఫ్లోను ఆపదు, ఇన్‌వాలిడ్ డేట్‌టైమ్ అనే మాటనే తారీఖుగా ముందుకు తోస్తుంది. మీ రైతులకు ఆ మాట వెళ్లింది అందుకే. చదివిన వెంటనే ఒక ఇఫ్ నోడ్ పెట్టి, ఈజ్‌వాలిడ్ అన్నది నిజమైతేనే వాట్సాప్ వైపు పంపండి, కాకపోతే ఆ వరుసను మీ ఫోన్‌కు పంపండి. చదివిన తారీఖు రేపటికి మించి ఉన్నా అటే మళ్లించండి; కాంటా ఏప్రిల్ 3న జరగబోతోందని మార్చిలో చెప్పే వరుస ఈ ఒక్క షరతుతోనే దొరికిపోయేది. పరీక్షించడానికి నాలుగు వరుసలు చాలు: 13 దాటిన ఒక తారీఖు, తెల్లవారుజామున 4:10, అర్ధరాత్రి దాటాక 12:05, డిసెంబర్ 31 రాత్రి 11:50.

ఈ రాత్రే మార్పులు చేస్తానన్నారు కాబట్టి చివరగా ఒక జాగ్రత్త. టైమ్‌జోన్‌ను కోల్‌కతాకు మార్చిన వెంటనే షెడ్యూల్ నోడ్ తెరిచి 7:30ని 18:00 చేయండి, సేవ్ చేసి, వర్క్‌ఫ్లోను ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. జోన్ మార్చి షెడ్యూల్ మరచిపోతే రేపు పొద్దున 7:30కే, ఇంకా పాట మొదలు కాకముందే, మామయ్య గారికి సున్నా బస్తాల రోజు లెక్క చేరుతుంది.